హాంకాంగ్‌లో ఓటు హక్కు: ఆలస్యంగా మొదలై, మధ్యలో ఆగిన సంస్కరణ

వలస పాలన ముగిసిన ప్రాంతాలలో ఎక్కువ భాగం స్వతంత్ర దేశాలయ్యాయి. హాంకాంగ్ విషయంలో అలా జరగలేదు. పన్నెండేళ్లకు పైగా ముందే ఒప్పందంలో ఖరారైన తేదీ ప్రకారం, 1997 జూలై 1న అది బ్రిటన్ నుంచి చైనాకు బదిలీ అయింది. ఆ మధ్యకాలంలోనే అక్కడ శాసనసభకు ఎన్నికలు మొదలయ్యాయి, రాజకీయ పార్టీలు పుట్టాయి, ప్రజలు నేరుగా ఎన్నుకునే స్థానాలు సున్నా నుంచి 20కి పెరిగాయి. ఆ సంఖ్యను ఇంకా ఎంత పెంచాలి, ఎప్పుడు పెంచాలి అన్న వాదం బదిలీ తరువాత మరో రెండు దశాబ్దాలు నగర రాజకీయాన్ని నడిపించింది. అంచెలంచెలుగా సాగే సంస్కరణ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా దాని వేగాన్ని గురించే చర్చిస్తారు. హాంకాంగ్ చరిత్రను వరుసగా చదివితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది: తరువాతి అంచె ఏదో, అది ఎప్పుడో నిర్ణయించే అధికారం ఎవరిది? హాంకాంగ్ ఓటర్లకు గాని, వారు ఎన్నుకున్న సభకు గాని ఆ అధికారం ఏనాడూ పూర్తిగా దక్కలేదు.

బదిలీకి గడువు ఎక్కడిదో ముందు చూడాలి. హాంకాంగ్ దీవిని 1842 నాటి నాన్‌జింగ్ ఒప్పందం ద్వారా, కౌలూన్ ద్వీపకల్పాన్ని 1860లో బ్రిటన్ శాశ్వతంగా తీసుకుంది. న్యూ టెరిటరీస్ అనే విశాలమైన ఉత్తర భాగాన్ని మాత్రం 1898లో 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది. కౌలు ముగిసేది 1997 జూన్ 30న. మొత్తం భూభాగంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఈ కౌలు భూమే కావడంతో, అది లేకుండా మిగిలిన నగరం నిలబడే మార్గం లేదు. పైగా ఆ పాత ఒప్పందాలు మూడూ బలవంతంగా రాయించుకున్నవేనని, చెల్లవని చైనా వైఖరి. 1972లో ఐక్యరాజ్యసమితి వలస ప్రాంతాల జాబితా నుంచి హాంకాంగ్‌ను, మకావ్‌ను చైనా తొలగింపజేసింది. స్వయంనిర్ణయాధికారం అన్న అంతర్జాతీయ సూత్రం హాంకాంగ్ ప్రజలకు వర్తించే దారి ఆ చర్యతో మూసుకుపోయింది. అప్పట్లో పెద్దగా ఎవరూ గమనించని ఈ నిర్ణయమే తరువాతి కథకంతా పునాది.

బ్రిటన్ 140 ఏళ్లకు పైగా పాలించినా శాసనసభలో ఒక్క స్థానానికీ ఎన్నిక పెట్టలేదన్న సంగతిని ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. 1843 నుంచి ఉన్న లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో అధికారులు, గవర్నర్ నియమించిన వ్యాపారులు, వృత్తినిపుణులు మాత్రమే కూర్చునేవారు. గవర్నరే సభాధ్యక్షుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో గవర్నర్ మార్క్ యంగ్ ఎక్కువ భాగం ఎన్నికైన సభ్యులతో ఒక నగరపాలక మండలిని ప్రతిపాదించారు. ఆయన తరువాత వచ్చిన అలెగ్జాండర్ గ్రాంథమ్‌కు ఆ ఆలోచనపై నమ్మకం లేకపోయింది. చైనాలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు, శరణార్థులు లక్షల సంఖ్యలో వచ్చిపడ్డారు, ఎన్నికలు పెడితే చైనా అంతర్యుద్ధం హాంకాంగ్ వీధుల్లోకి వస్తుందన్న భయం పెరిగింది. 1952లో ఆ ప్రతిపాదనను పక్కన పెట్టారు. హాంకాంగ్‌కు స్వపరిపాలన ఇస్తే దాన్ని స్నేహపూర్వక చర్యగా చూడబోమని 1958లో చైనా ప్రధాని జౌ ఎన్‌లై బ్రిటన్‌కు సందేశం పంపినట్టు తరువాత బయటపడిన బ్రిటిష్ పత్రాలు చెబుతున్నాయి. చైనా అభ్యంతరం నిజమే. ఆ అభ్యంతరం వలస ప్రభుత్వానికీ, స్థానిక సంపన్న వర్గానికీ అనుకూలంగా ఉండేదన్నదీ అంతే నిజం. ఆ ముప్ఫై ఏళ్లలో నెమ్మదిగా, తొందర లేకుండా చేయగలిగిన పనిని చివరికి పదేళ్లలో, మరో ప్రభుత్వం అనుమానపు చూపుల మధ్య చేయవలసి వచ్చింది. హాంకాంగ్ సంస్కరణకు జరిగిన అన్ని నష్టాలలోకీ ఇదే పెద్దది.

1979లో గవర్నర్ ముర్రే మాక్‌లెహోజ్ బీజింగ్ వెళ్లి కౌలు సంగతి ఎత్తినప్పుడు, పెట్టుబడిదారులు నిశ్చింతగా ఉండవచ్చని చెప్పమని చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ ఆయనతో అన్నారు. హాంకాంగ్‌ను తిరిగి తీసుకోవడం మాత్రం ఖాయమన్న సూచన కూడా ఆ సమావేశంలోనే అందింది. 1982 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ బీజింగ్ పర్యటనతో అధికారిక చర్చలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో చర్చలు తడబడగానే హాంకాంగ్ డాలర్ కుప్పకూలింది. దాన్ని ఒక అమెరికన్ డాలర్‌కు 7.8 చొప్పున కట్టివేసిన విధానం 1983 అక్టోబరులో అప్పుడు పుట్టిందే. ఆ చర్చలలో హాంకాంగ్ ప్రజలకు స్థానం లేదు. మూడు కాళ్ల పీట కుదరదని, మాట్లాడుకోవలసింది రెండు ప్రభుత్వాలేనని చైనా పట్టుబట్టింది. బ్రిటన్ అంగీకరించింది. తమ భవిష్యత్తును రాస్తున్న గదిలో అరకోటికి పైగా జనానికి కుర్చీ లేకపోవడాన్ని కేవలం దౌత్య మర్యాదల విషయంగా తీసిపారేయడం తప్పు.

1984 డిసెంబరు 19న సంతకాలు జరిగిన ఉమ్మడి ప్రకటన ప్రకారం బదిలీ తరువాత 50 ఏళ్ల పాటు హాంకాంగ్ తన ఆర్థిక, సామాజిక వ్యవస్థను నిలుపుకుంటుంది. శాసనసభ ఎన్నికల ద్వారా ఏర్పడుతుందని, కార్యనిర్వాహక వర్గం ఆ సభకు జవాబుదారీగా ఉంటుందని కూడా అందులో రాశారు. ఏ రకమైన ఎన్నికలన్నది మాత్రం రాయలేదు. గవర్నర్ స్థానంలో వచ్చే ప్రభుత్వాధినేతను, అంటే చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను, ఎన్నిక ద్వారా గాని స్థానిక సంప్రదింపుల ద్వారా గాని ఎంపిక చేయవచ్చన్నారు. ఈ ఖాళీల వల్లే ఒప్పందం కుదిరింది. తరువాతి ప్రతి తగాదా కూడా ఈ ఖాళీలలోంచే పుట్టింది.

అప్పటికే కింది స్థాయిలో కొంత కదలిక మొదలైంది. 1982లో జిల్లా బోర్డులకు తొలిసారి వయోజన ఓటు హక్కుతో ఎన్నికలు జరిగాయి. అయితే ఆ బోర్డులకు ఉన్నవి సలహా అధికారాలే, వాటిలో ఎన్నికైనవారి వాటా మూడో వంతు కన్నా తక్కువే. 1984 జూలైలో ప్రభుత్వం ప్రాతినిధ్య పాలనపై చర్చాపత్రాన్ని, నవంబరులో శ్వేతపత్రాన్ని విడుదల చేసింది. 1988లో కొద్ది స్థానాలకు ప్రత్యక్ష ఎన్నికలు మొదలుపెట్టి, 1997 నాటికి వాటిని గణనీయంగా పెంచాలన్న అభిప్రాయానికి ప్రజల్లో మద్దతుందని శ్వేతపత్రం పేర్కొంది. 1985 సెప్టెంబరులో తొలి పరోక్ష ఎన్నికలు జరిగాయి. 56 మంది సభ్యుల సభలో 24 స్థానాలను భర్తీ చేసిన ఆ ఎన్నికల్లో 12 స్థానాలు జిల్లా బోర్డులు, పట్టణ మండలుల సభ్యులు ఎన్నుకునేవి కాగా మిగిలిన 12 ఫంక్షనల్ నియోజకవర్గాలవి.

ఫంక్షనల్ నియోజకవర్గం అంటే వృత్తినిబట్టి గాని వ్యాపార రంగాన్నిబట్టి గాని ఏర్పడే నియోజకవర్గం. న్యాయవాదులకు ఒకటి, వైద్యులకు ఒకటి, ఉపాధ్యాయులకు ఒకటి, వాణిజ్య మండళ్లకు, బ్యాంకులకు, కార్మిక సంఘాలకు వేర్వేరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఈ ఊహ పూర్తిగా కొత్తది కాదు. మన శాసనమండళ్లలో పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు ప్రత్యేక నియోజకవర్గాలున్నాయి. 1935 చట్టం కింద మద్రాసు రాష్ట్ర శాసనసభలో జమీందారులకు, వర్తకులకు, విశ్వవిద్యాలయానికి కూడా స్థానాలుండేవి. తేడా ఎక్కడంటే, మన దగ్గర అలాంటి సభ్యులు పరిమితాధికారాలున్న ఎగువసభలో ఒక భాగం మాత్రమే, మంత్రివర్గాన్ని నిలిపేదీ దించేదీ సార్వత్రిక ఓటుతో ఏర్పడిన శాసనసభ. హాంకాంగ్‌లో ఉన్న ఒకే ఒక సభలో సగం ఈ నియోజకవర్గాలతో నిండింది. చాలా వాటిలో మనుషులకు బదులు సంస్థలే ఓటర్లు, అంటే ఒక కంపెనీ తరఫున దాని యాజమాన్యం ఓటు వేస్తుంది. తాత్కాలికమైన మొదటి అడుగుగా ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటు వల్ల కొన్ని వర్గాలకు ఖాయమైన స్థానాలు దొరికాయి. తమ స్థానం పోయే సంస్కరణకు వారెవరూ ఓటు వేయరు. క్రమ సంస్కరణ తనకు తానే అడ్డుగోడ కట్టుకున్న చోటు ఇదే.

1985 నవంబరులో హాంకాంగ్‌లో చైనా ప్రతినిధి షు జియాతున్ బ్రిటన్ ఉమ్మడి ప్రకటన నుంచి పక్కకు జరుగుతోందని బహిరంగంగా హెచ్చరించారు. చైనా అప్పటికి హాంకాంగ్ భవిష్యత్ రాజ్యాంగమైన బేసిక్ లా రాయడానికి 59 మందితో ఒక కమిటీని వేసింది. అందులో 23 మంది హాంకాంగ్ వారు. బ్రిటన్ ముందే ఏదో ఒక రూపం ఏర్పరచి తమ చేతిలో పెట్టడం బీజింగ్‌కు ఇష్టం లేదు. ఈ ఒత్తిడి ఫలితం 1987లో కనిపించింది. 1988లో ప్రత్యక్ష ఎన్నికలు పెట్టాలా అని ప్రభుత్వం ప్రజాభిప్రాయం సేకరించింది. పెట్టాలంటూ 2 లక్షలకు పైగా ప్రజలు సంతకాలు చేసి పంపారు. సర్వే కార్యాలయం వాటిని విడివిడి అభిప్రాయాలుగా లెక్కించకుండా, ముందే అచ్చువేసి పంచిన వ్యతిరేక లేఖలను మాత్రం ఒక్కొక్కటిగా లెక్కించింది. ఎక్కువ మంది వద్దంటున్నారని తేల్చి, ఎన్నికలను 1991కి వాయిదా వేశారు. వలస ప్రభుత్వం తన మాటను తానే ఇలా లెక్కల చాటున వెనక్కి తీసుకోవడాన్ని సమర్థించడం కష్టం. ఆ మూడేళ్లు తిరిగి రాలేదు.

1989 జూన్‌లో బీజింగ్‌లో ప్రజాస్వామ్య ఉద్యమాన్ని సైన్యంతో అణచివేసిన తియానన్మెన్ ఘటన పరిస్థితిని మార్చింది. హాంకాంగ్‌లో పది లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. బేసిక్ లా కమిటీలో ఉన్న ప్రజాస్వామ్యవాద నేతలు మార్టిన్ లీ, సెటో వా బయటికి వచ్చేశారు. 1990 ఆరంభంలో బ్రిటన్, చైనా విదేశాంగ మంత్రులు డగ్లస్ హర్డ్, చియన్ చిచెన్ లేఖల ద్వారా బేరం కుదుర్చుకున్నారు. 1991లో 18 ప్రత్యక్ష స్థానాలు, 1997లో 20 అన్నది అందులో తేలింది. 1990 ఏప్రిల్ 4న ఆమోదం పొందిన బేసిక్ లా ఆ తరువాతి సభల్లో 24, ఆపై 30 అని రాసుకుంది. అసలు పరిస్థితిని బట్టి, క్రమబద్ధంగా ముందుకు సాగుతూ, చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను, శాసనసభను సార్వత్రిక ఓటుతో ఎన్నుకోవడమే అంతిమ లక్ష్యమని 45, 68 అధికరణాలు ప్రకటించాయి. 1991 సెప్టెంబరులో తొలి ప్రత్యక్ష ఎన్నికలు జరిగినప్పుడు మార్టిన్ లీ నాయకత్వంలోని యునైటెడ్ డెమోక్రాట్లు 18లో 12 గెలుచుకున్నారు. బీజింగ్ అనుకూల అభ్యర్థులు ఒక్కరూ గెలవలేదు.

1992 జూలైలో చివరి గవర్నర్‌గా వచ్చిన క్రిస్ పాటెన్ ఆ అక్టోబరులో ప్రకటించిన ప్రతిపాదనలను వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే చట్టంలోని అక్షరానికీ ఉద్దేశానికీ మధ్య ఉండే దూరాన్ని అంత స్పష్టంగా చూపిన సందర్భాలు తక్కువ. బేసిక్ లా 60 మంది సభలో 20 ప్రత్యక్ష స్థానాలు, 30 ఫంక్షనల్ స్థానాలు, ఒక ఎన్నికల కమిటీ ఎంపిక చేసే 10 స్థానాలు అని చెప్పింది. 1995 ఎన్నికలో ఫంక్షనల్ స్థానాలకు ఓటర్లెవరు, ఎన్నికల కమిటీలో ఎవరుండాలి అన్నది తేల్చలేదు. పాటెన్ సంఖ్యలను ముట్టుకోలేదు. ప్రత్యక్ష స్థానాలు ఇరవైకి ఇరవైగానే ఉన్నాయి. కాని కొత్తగా చేర్చవలసిన 9 ఫంక్షనల్ నియోజకవర్గాలను పనిచేసే జనం మొత్తానికి, అంటే సుమారు 27 లక్షల మందికి, తెరిచారు. పాతవాటిలో కంపెనీ ఓటు తీసేసి వ్యక్తుల ఓటు పెట్టారు. ఎన్నికల కమిటీని జిల్లా బోర్డుల ఎన్నికైన సభ్యులతో నింపారు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించారు. పైకి వృత్తి ప్రాతినిధ్యంగానే కనిపిస్తూ, లోపల దాదాపు ప్రతి ఉద్యోగికీ రెండో ఓటు ఇచ్చిన ఏర్పాటు ఇది.

చైనా ఆగ్రహం తీవ్రంగా వచ్చింది. హాంకాంగ్ వ్యవహారాల అధికారి లూ పింగ్ పాటెన్‌ను వేయేళ్లకూ మాయని నేరం చేసినవాడిగా అభివర్ణించారు. హర్డ్, చియన్ లేఖల్లోని అవగాహనను బ్రిటన్ తుంగలో తొక్కిందన్నది చైనా వాదం. చట్టంలో లేని నిషేధాన్ని ఉన్నట్టు భావించలేమన్నది పాటెన్ వాదం. అక్షరం పాటెన్ వైపే ఉంది. ఇరుపక్షాలూ కలిసి ముందుకు తీసుకుపోతామన్న ఒప్పంద స్ఫూర్తికి ఆయన పద్ధతి దూరంగా జరిగిందన్న విమర్శలోనూ పస లేకపోలేదు. అయితే ఆ స్ఫూర్తికి కట్టుబడి 1988లో ఆగినందుకు హాంకాంగ్ ప్రజలకు దక్కినదేమిటన్న ప్రశ్నకు విమర్శకులు సమాధానం చెప్పలేదు. 1993లో 17 విడతల చర్చలు విఫలమయ్యాక, 1994 జూన్ చివర్లో సభ రాత్రంతా చర్చించింది. ప్రతిపాదనలను నీరుగార్చే సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది, అసలు బిల్లు నెగ్గింది. రెండు నెలలకే, 1994 ఆగస్టు 31న, ఈ చట్టం కింద ఏర్పడే సభ 1997 జూన్ 30తో ముగుస్తుందని చైనా జాతీయ ప్రజాప్రతినిధుల సభ స్థాయీసంఘం తీర్మానించింది. ఒక ప్రభుత్వం కింద ఎన్నికైన సభ్యులు మరో ప్రభుత్వం కింద పదవీకాలం పూర్తి చేస్తారన్న ‘త్రూ ట్రైన్’ ఏర్పాటు దాంతో ఆగిపోయింది.

1995 సెప్టెంబరులో ఎన్నికైన సభలో నియమిత సభ్యుడు ఒక్కరూ లేరు. దాని ఆయుష్షు రెండేళ్లకు లోపే. ఆ స్వల్పకాలంలో అది చేసిన పనిని చూస్తేనే ఎన్నికైన సభకూ నియమిత సభకూ తేడా అర్థమవుతుంది. కార్మిక నాయకుడు లీ చెక్ యాన్ తెచ్చిన సామూహిక బేరసారాల హక్కు చట్టం 1997 జూన్‌లో నెగ్గింది. జూలైలోనే దాన్ని నిలిపివేశారు, కొద్ది నెలలకు రద్దు చేశారు. క్రిస్టీన్ లో తెచ్చిన రేవు పరిరక్షణ చట్టం మాత్రం నిలిచింది. విక్టోరియా రేవును మట్టితో పూడ్చి భూమి సంపాదించడానికి కచ్చితమైన ప్రజావసరం చూపాలని 2004లో తుది అప్పీలు న్యాయస్థానం చెప్పింది ఆ చట్టం ఆధారంగానే. ఈ రోజు ఆ రేవు ఒడ్డున నడిచేవారికి ఆ సభ ఇచ్చిన ఆస్తి అది.

1996 డిసెంబరులో 400 మంది ఎంపిక కమిటీ తుంగ్ చీ హ్వాను చీఫ్ ఎగ్జిక్యూటివ్‌గా, తరువాత ఒక తాత్కాలిక శాసనసభను ఎన్నుకుంది. బదిలీ జరిగేదాకా ఆ సభ సరిహద్దు అవతల షెన్‌జెన్‌లో సమావేశమైంది. 1998 ఎన్నికలకు కంపెనీ ఓటు తిరిగొచ్చింది. 1995లో పది లక్షలు దాటిన నమోదిత ఫంక్షనల్ ఓటర్లు సుమారు 1.4 లక్షలకు పడిపోయారు. సభ్యులు సొంతంగా తెచ్చే తీర్మానాలకు, సవరణలకు సభలోని రెండు వర్గాలలోనూ, అంటే ఫంక్షనల్ సభ్యులలోనూ మిగిలినవారిలోనూ, విడివిడిగా మెజారిటీ కావాలన్న బేసిక్ లా నిబంధన అమల్లోకి వచ్చింది. ప్రజలు నేరుగా ఎన్నుకున్నవారంతా ఒక్కమాట మీద ఉన్నా ఫంక్షనల్ సభ్యులు 15, 16 మంది అడ్డుపడితే చాలు. ప్రత్యక్ష స్థానాలు ముందే రాసుకున్నట్టు 24కు, 2004లో 30కి పెరిగాయి. సంఖ్య సగానికి చేరినా అధికారం సగానికి చేరలేదు.

2004 ఏప్రిల్ నాటి మార్పుకు తగిన ప్రాధాన్యం చాలా చరిత్రలు ఇవ్వవు. బేసిక్ లా రెండో అనుబంధం ప్రకారం 2007 తరువాత శాసనసభ ఎన్నిక పద్ధతిని మార్చడానికి సభలో మూడింట రెండు వంతుల మద్దతు, చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆమోదం చాలు. స్థాయీసంఘానికి నమోదు కోసం తెలియజేస్తే సరిపోతుంది. 1993 మార్చిలో లూ పింగ్ కూడా ఆ తరువాతి ప్రజాస్వామ్య వికాసం హాంకాంగ్ స్వయంప్రతిపత్తి పరిధిలోనిదేనని చైనా పత్రికాముఖంగా అన్నారు. ప్రతిపాదిత భద్రతా చట్టానికి వ్యతిరేకంగా 2003 జూలై 1న అయిదు లక్షల మంది ఊరేగిన మరుసటి ఏడాది, స్థాయీసంఘం ఒక వివరణ జారీ చేసింది. మార్పు అవసరమా కాదా అన్నది ముందుగా తానే నిర్ణయిస్తుందని ఆ వివరణ సారాంశం. ఆ నెలాఖరుకే 2007, 2008లలో సార్వత్రిక ఎన్నికలు ఉండవని తేల్చింది. సంస్కరణకు తాళంచెవి నగరం చేతిలోంచి అధికారికంగా జారింది ఆ రోజునే. తరువాతి వాదాలన్నీ బీజింగ్ ఎంత అనుమతిస్తుందన్న దాని మీద నడిచినవి.

అయినా 2010లో ఒక చిన్న ఒప్పందం కుదిరింది. డెమోక్రాటిక్ పార్టీ, బీజింగ్ ప్రతినిధి కార్యాలయం నేరుగా మాట్లాడుకున్నాయి. సభ 70 స్థానాలకు పెరిగింది. వేరే ఫంక్షనల్ ఓటు లేనివారందరికీ 5 స్థానాలలో రెండో ఓటు దక్కింది, అంటే పాటెన్ ఆలోచనకు దగ్గరి రూపం ఒకటి తిరిగొచ్చింది. ఆ పార్టీ దీనికి తన మద్దతుదారులలో చాలామందిని పోగొట్టుకుంది. 2014 ఆగస్టు 31న, సరిగ్గా ఇరవై ఏళ్ల తరువాత అదే తేదీన, 2017లో చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను ప్రజలే ఎన్నుకోవచ్చునని, అయితే 1,200 మంది నామినేషన్ కమిటీలో సగానికి పైగా మద్దతున్న ఇద్దరు ముగ్గురే పోటీ చేయాలని స్థాయీసంఘం తీర్మానించింది. నిరసనకారులు నగర వీధుల్లో బైఠాయించిన 79 రోజుల గొడుగుల ఉద్యమం దీనికి జవాబు. 2015 జూన్‌లో ఆ ప్రతిపాదన సభలో 28–8 ఓట్లతో వీగిపోయింది.

దొరికినది తీసుకుని మిగిలినది తరువాత అడగవలసిందన్న అభిప్రాయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మన దేశంలో 1919, 1935 చట్టాల కింద ఎన్నికల్లో పాల్గొన్నవారి తర్కం కొంతవరకు అదే. కాని ఆ మెట్ల చివర రాజ్యాంగ సభ ఉంది. సార్వత్రిక ఓటును ఆ సభ ఒక్కసారిగా, ఏ కొత్త దశల వారీ పట్టికా లేకుండా, రాసేసింది. హాంకాంగ్‌లో తరువాతి అడుగుకు హామీ ఇచ్చేవారు ఎవరూ లేనందున మొదటి అడుగే చివరిదవుతుందన్న అనుమానానికి బలమైన ఆధారం ఉంది. 2015లో తిరస్కరించినవారిని తొందరపాటువాళ్లని తేలిగ్గా అనలేం.

2019లో నేరస్తుల అప్పగింత బిల్లుపై మొదలైన ఉద్యమం, ఆ నవంబరులో 71 శాతం పోలింగుతో జరిగిన జిల్లా కౌన్సిళ్ల ఎన్నికల్లో 18కి 17 కౌన్సిళ్లు ప్రజాస్వామ్యవాదుల వశం కావడం, 2020 జూన్ 30 నాటి జాతీయ భద్రతా చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2021 మార్చిలో ఎన్నికల అనుబంధాలను బీజింగ్ తిరగరాసింది. ఇప్పుడు 90 మంది సభలో నేరుగా ఎన్నికయ్యేవారు 20 మంది, 40 మందిని ఎన్నికల కమిటీ ఎంపిక చేస్తుంది. ప్రతి అభ్యర్థి అర్హతను ముందుగా ఒక సమీక్షా కమిటీ పరిశీలిస్తుంది. ఆ డిసెంబరు ఎన్నికలో ప్రత్యక్ష స్థానాల పోలింగు 30.2 శాతం. 2023లో జిల్లా కౌన్సిళ్లలోని 470 స్థానాలలో ప్రజలు ఎన్నుకునేవి 88కి తగ్గాయి. ఈ నిష్పత్తి 1982 నాటి తొలి జిల్లా బోర్డుల కన్నా తక్కువ. ఈ మార్పులన్నీ అనుబంధాలలోనూ, సాధారణ చట్టాలలోనూ జరిగినవే. సార్వత్రిక ఓటే అంతిమ లక్ష్యమన్న 45, 68 అధికరణాలను ఎవరూ సవరించలేదు, అవి ఈనాటికీ బేసిక్ లాలో ఉన్నాయి.